సగం సీజన్ గడిచాక జట్టును బాగు చేయడం ఎలా? 2021 అట్లాంటా నుంచి మొదలుపెడదాం

కొత్త ప్రేక్షకుడు

అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం అట్లాంటా వచ్చాక బేస్‌బాల్ చూడడం మొదలుపెట్టాను. ఆట కొద్దికొద్దిగా పట్టుబడుతోంది గానీ, ఏటా జులై నెలాఖరు గడువులోపు జట్లు చేసుకునే ఆటగాళ్ల మార్పిడి తతంగం మాత్రం తలకెక్కడం లేదు.

మా ఆఫీసులో ఎవరిని కదిలించినా 2021 కథే చెబుతారు. జులై 10న మయామీలో జట్టు తార రొనాల్డ్ అకూన్యా మోకాలి లిగమెంట్ తెగింది. ఆల్‌స్టార్ విరామానికి జట్టు లెక్క 44 గెలుపులు, 45 ఓటములు. వచ్చే ఏడాది చూసుకుందాం అనుకోవలసిన సమయంలో, బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి అలెక్స్ ఆంథోపౌలోస్ నలుగురు ఔట్‌ఫీల్డర్లను (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాళ్లను) తెచ్చాడు. నవంబరు 2న వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌షిప్ ఫైనల్, గెలిచారు, 1995 తర్వాత మొదటిసారి. ఐపీఎల్‌లో గాయపడినవాడి బదులు ఒకరిని తెచ్చుకోవడం చూశాను గానీ, పక్క జట్ల నుంచి ఇలా నలుగురిని ఎత్తుకురావడం చూడలేదు. ఇది తెగింపా, లెక్కా, అదృష్టమా?

ఓరుగల్లు కోట

అదృష్టం. నలుగురిని తెస్తే నలుగురూ ఆడడం ఎక్కడైనా జరుగుతుందా? గెలిచాక అందరూ మేధావులే. అదే పని చేసి ఓడినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

లెక్కల మాస్టారు

కోట గారి మాటలో సగం ఒప్పుకుంటాను. ఏ సగమో తర్వాత చెబుతాను.

కొత్త ప్రేక్షకుడు గారూ, ముందు ఆ ఏడాది పాయింట్ల పట్టిక తీయండి. అట్లాంటా ఆడే నేషనల్ లీగ్ ఈస్ట్ డివిజన్‌లో అప్పుడు ముందున్నది న్యూయార్క్ మెట్స్. మెట్స్ అభిమాని కామేశం గారు ఏమీ అనుకోకపోతే, వాళ్లు ఎవరినీ భయపెట్టే జట్టు కాదు. డివిజన్ గెలిస్తే చాలు, ఎన్ని గెలుపులున్నాయని ఎవరూ అడగరు, ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయం. అట్లాంటా 88 గెలిచి లోపలికి వెళ్లింది. అదే ఏడాది అమెరికన్ లీగ్‌లో టొరంటో 91, సియాటిల్ 90 గెలిచి ఇంట్లో కూర్చున్నాయి. డాడ్జర్స్ 106 గెలిచినా, శాన్‌ఫ్రాన్సిస్కో 107 గెలవడంతో డివిజన్ దక్కలేదు. కాబట్టి జులైలో ఆంథోపౌలోస్‌కు కావలసింది లీగ్‌లోకెల్లా గొప్ప జట్టు కాదు. మెట్స్‌ను, ఫిలడెల్ఫియాను దాటే జట్టు. అట్లాంటా గెలుపులు ఓటములను మించింది ఆ సీజన్‌లో మొదటిసారి ఆగస్టు 6న. అయినా అవకాశం చేజారలేదు, ఎందుకంటే పైనున్నవాళ్లు అందనంత దూరం పోలేదు.

తర్వాత జట్టు లోపలికి చూడండి. ఇన్‌ఫీల్డ్‌లో ఫ్రీమన్, ఆల్బీస్, స్వాన్సన్, రైలీ నలుగురూ నిలకడగా ఆడుతున్నారు. పిచింగ్‌లో ఫ్రీడ్, మోర్టన్, ఇయాన్ ఆండర్సన్ ఉన్నారు. ఔట్‌ఫీల్డ్ మాత్రం ఖాళీ. అకూన్యా ఆసుపత్రిలో, మరో ఔట్‌ఫీల్డర్ ఒజూనా మే నెలలో అరెస్టయ్యాక జట్టుకు దూరంగా. ఆడుతున్నవాళ్ల బ్యాట్లు అంతంతమాత్రం. ఇలాంటి చోట మామూలు ఆటగాడు వచ్చినా జట్టు ఒక మెట్టు ఎక్కుతుంది. బాగా ఆడేవాడిని తీసి గొప్పవాడిని పెడితే వచ్చే లాభం కన్నా, ఆడలేనివాడిని తీసి ఓ మోస్తరువాడిని పెడితే వచ్చే లాభం చాలాసార్లు ఎక్కువ. ధర చూస్తే మాత్రం గొప్పవాడికి మీ భవిష్యత్తంతా రాసివ్వాలి, ఓ మోస్తరువాడు దాదాపు ఊరికే వస్తాడు.

ఎంత ఊరికే వచ్చారో చూడండి. జాక్ పీడర్సన్ కోసం షికాగో కబ్స్‌కు ఇచ్చింది బ్రైస్ బాల్ అనే మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) ఆటగాడిని. ఆడమ్ డువాల్ కోసం మయామీకి అలెక్స్ జాక్సన్‌ను. హోర్హే సోలెర్ కోసం కాన్సాస్ సిటీకి కేసీ కాలిక్ అనే మైనర్ లీగ్ పిచర్‌ను. ఇక ఎడ్డీ రొసారియో కోసం క్లీవ్‌లాండ్‌కు పాబ్లో సాండోవాల్‌ను పంపితే, వాళ్లు అతన్ని వెంటనే వదిలేశారు. అంటే క్లీవ్‌లాండ్‌కు ఆటగాడు అక్కరలేదు, 80 లక్షల డాలర్ల ఒప్పందంలో మిగిలిన భారం దిగితే చాలు. అప్పటికి రొసారియో గాయపడినవాళ్ల జాబితాలో ఉన్నాడు. సోలెర్ బ్యాటింగ్ సగటు 0.192, అంటే చాలా తక్కువ. అంగట్లో ఎవరూ ముట్టుకోని సరుకే కొన్నారు.

అయితే ఆ సరుకు ఎలాంటిది? సోలెర్ 2019లో 48 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో అందరికన్నా పైన నిలిచినవాడు. రెండేళ్లలో చేతిలో బలం ఎక్కడికీ పోదు. డువాల్ 2020లో అట్లాంటాకే ఆడాడు, అతని గుణదోషాలు వాళ్లకు తెలుసు. ఈ సీజన్ అంకె కన్నా అంతకుముందు మూడు నాలుగేళ్ల అంకెను ఎక్కువ నమ్మారు. అది అదృష్టం కాదు.

క్వీన్స్ కామేశం

మాస్టారూ, ఏమీ అనుకోలేదు. మెట్స్ అభిమానికి అనుకునే ఓపిక ఎప్పుడో పోయింది.

మీరు వదిలేసిన ముక్క నేను చెబుతాను. అట్లాంటా డువాల్‌ను, సోలెర్‌ను, రొసారియోను తెచ్చిన ఆ జులై 30నే మా వాళ్లు కూడా బేరం చేశారు. షికాగో నుంచి హావియెర్ బాయెజ్‌ను తెచ్చారు. పేరున్న ఆటగాడు, ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తుంది. బదులుగా ఇచ్చింది పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్‌ను, ముందటి ఏడాది డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మొదటి రౌండ్‌లో తీసుకున్న పసివాడిని. బాయెజ్ బాగానే ఆడాడు, అబద్ధమెందుకు చెప్పాలి. జట్టు 77 గెలిచి 85 ఓడింది, మూడో స్థానం. శీతాకాలంలో బాయెజ్ డెట్రాయిట్ వెళ్లిపోయాడు. క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ 2025లో కబ్స్ తరఫున ఆల్‌స్టార్ ఆడుతుంటే నేను టీవీ కట్టేశాను.

ఒకే డివిజన్, ఒకే రోజు. ఒకరు ముగ్గురిని చిల్లరకు కొన్నారు, మరొకరు ఒక్కడిని ఆస్తి రాసిచ్చి కొన్నారు.

ఓరుగల్లు కోట

బాయెజ్ బాగా ఆడాడని మీరే అంటున్నారు. అంటే ఎంపిక సరైనదే, జట్టు ఓడింది. రొసారియో ఆడకపోయి ఉంటే ఇవాళ మాస్టారు వేరే పాఠం చెప్పేవారు. అదే నా వాదన.

ఫ్రిస్కో పద్మ

కోట గారూ, రొసారియో ఆడకపోయినా ఇంకో ముగ్గురున్నారు. నలుగురిని కొనడంలో ఉన్న విషయమే అది. ఒక్కరి మీద అంతా పెడితే వాడి తొడ కండరం పట్టేస్తే కథ ముగిసినట్టే. సోలెర్‌కు ఆ అక్టోబరులో కోవిడ్ వచ్చి ప్లేఆఫ్స్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. జట్టు ఆగిందా? అతను చాలా మ్యాచ్‌లకు లేని ఆ లీగ్ ఫైనల్లో రొసారియో 14 హిట్లు కొట్టి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సోలెర్ తిరిగొచ్చి వరల్డ్ సిరీస్‌లో మూడు హోమ్ రన్లతో అదే పురస్కారం తీసుకున్నాడు.

మా టెక్సస్ రేంజర్స్ ఉదాహరణ ఇంకా బాగుంటుంది. 2023లో పిచర్ జేకబ్ డిగ్రోమ్ మోచేతి శస్త్రచికిత్సతో మిగతా సీజన్‌కంతా దూరమయ్యాడు. గడువు దగ్గర పడేసరికి ఇద్దరు పిచర్లను తెచ్చారు. ఒకరు మాక్స్ షెర్జర్, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం మూడుసార్లు అందుకున్నవాడు. మెట్స్ అతని జీతంలో పెద్ద భాగం తామే భరించారు, అందుకు మూల్యంగా అకూన్యా తమ్ముడు లూయిసాంజెల్‌ను తీసుకున్నారు. రెండోవాడు సెయింట్ లూయిస్ నుంచి జోర్డన్ మాంట్‌గోమరీ. ఆ రోజు పేపర్లన్నీ షెర్జర్ ఫోటోనే వేశాయి. సెప్టెంబరులో షెర్జర్ భుజం దెబ్బతింది, వరల్డ్ సిరీస్‌లో మూడు ఇన్నింగ్స్ వేసి వెన్ను నొప్పితో దిగిపోయాడు. మాంట్‌గోమరీ మాత్రం టాంపా బేతో ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే ఏడు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేశాడు. క్లబ్బు చరిత్రలో మొదటి టైటిల్. ఇద్దరిలో ఎవరు నిలబడతారో జులైలో దేవుడికే తెలియాలి, అందుకే ఇద్దరినీ తెచ్చారు.

కొత్త ప్రేక్షకుడు

ఇది బాగా అర్థమైంది. కానీ అమ్మేవాళ్ల సంగతి? మెట్స్ జీతం కూడా కట్టి షెర్జర్‌ను ఎందుకు పంపారు? క్లీవ్‌లాండ్ రొసారియోను ఎందుకు వదులుకుంది? వాళ్లు అమాయకులా?

లెక్కల మాస్టారు

అమాయకులు కారు. వాళ్లు వేరే గడియారం చూస్తున్నారు.

ఒప్పందం ఆఖరి ఏడాదిలో ఉన్న ఆటగాడు, జట్టు ఎలాగూ ప్లేఆఫ్స్‌కు వెళ్లదనుకున్నప్పుడు, అక్టోబరు తర్వాత చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. అతను పెద్ద తార అయితే ఉంచుకుని, సీజన్ చివర ఒక ఏడాది ఒప్పందం ఇవ్వజూపి, అతను కాదంటే పరిహారంగా డ్రాఫ్ట్‌లో ఒక చోటు పొందవచ్చు. సీజన్ మధ్యలో కొన్న జట్టుకు ఆ హక్కు ఉండదు. ఓ మోస్తరు ఆటగాడి విషయంలో అయితే అమ్మేవాడికీ ఆ ఆశ ఉండదు. కాబట్టి వచ్చిందే లాభం.

ఇంకొకటి. జట్టు జాబితాలో 40 పేర్లకే చోటు. మైనర్ లీగ్‌లో నాలుగైదేళ్లు గడిపిన కుర్రాళ్లను ఆ నలభైలో చేర్చకపోతే, డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో మరో జట్టు ఎగరేసుకుపోవచ్చు. కుర్రాళ్లు ఎక్కువైన క్లబ్బుకు ఇది తలనొప్పి. ఎలాగూ చోటివ్వలేని కుర్రాడిని జులైలోనే ఇచ్చేస్తే పోయేది తక్కువ, తీసుకునేవాడికి చోటుంటే అతనికి వచ్చేది ఎక్కువ. మంచి బేరాలు చాలావరకు ఇలాంటి తేడాల మీదే నడుస్తాయి. అమెరికా ఫుట్‌బాల్‌లో లాగా డ్రాఫ్ట్ చోట్లను ఇష్టం వచ్చినట్టు అమ్ముకునే వీలు ఇక్కడ లేదు, పోటీ సమతుల్యత కోసం ఇచ్చే కొన్ని చోట్లు తప్ప. అందుకే బేరమంతా మనుషులతోనే.

2019 నుంచి ఒకే గడువు పెట్టారు. అంతకుముందు ఆగస్టులో వేవర్స్ (ఆటగాడిని ముందు మిగతా జట్లకు ఇవ్వజూపే పద్ధతి) దాటిన ఆటగాళ్లను కూడా మార్చుకునేవారు. 2017లో జస్టిన్ వెర్లాండర్ హ్యూస్టన్‌కు వెళ్లింది ఆగస్టు 31 అర్ధరాత్రికి కొద్ది క్షణాల ముందు. ఇప్పుడు ఆ కిటికీ మూసేశారు. గడువు నాటికి రెండు మూడు మ్యాచ్‌లు వెనకున్న జట్టు, కొనాలా అమ్మాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

అనహైమ్ అల్లుడు

తేల్చుకోలేకపోతే ఏమవుతుందో మా ఏంజెల్స్‌ను అడగండి.

2023 జులై. బ్యాటింగ్, పిచింగ్ రెండింటా మేటి అయిన ఓహ్తానీ ఒప్పందం చివరి ఏడాది. అమ్మితే లీగ్‌లో సగం జట్లు క్యూ కడతాయి. మా యాజమాన్యం అమ్మలేదు, సరే, అతను మళ్లీ పుట్టడు. అంతటితో ఆగక షికాగో వైట్ సాక్స్ నుంచి లూకస్ జియోలిటో, రెనాల్డో లోపెజ్‌లను తెచ్చి, బదులుగా మంచి కుర్రాళ్లు ఇద్దరిని ఇచ్చేశారు. ఆగస్టులో జట్టు కుప్పకూలింది. ఓహ్తానీ మోచేతి లిగమెంట్ చిరిగింది. విలాస పన్ను (జీతాల మొత్తం ఒక పరిమితి దాటితే కట్టేది) గీత కిందికి దిగాలని ఆ నెలాఖరుకు జియోలిటో, లోపెజ్, మాట్ మూర్ సహా కొందరిని వేవర్స్‌లో పెట్టారు. ఈ ముగ్గురు పిచర్లనూ క్లీవ్‌లాండ్ జీతం తప్ప ఇంకేమీ ఇవ్వకుండా తీసుకుపోయింది. మేము 73 గెలిచాం, 89 ఓడాం. డిసెంబరులో ఓహ్తానీ పక్కనే ఉన్న లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల మీద సంతకం చేశాడు.

మా దగ్గర ఒక్క చిల్లు కాదు, జట్టు నిండా చిల్లులే. జల్లెడలో ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం?

ఓరుగల్లు కోట

ఈ ఒక్కదానికి మాత్రం నేను అదృష్టం అనను. ఇది అచ్చంగా తెలివితక్కువతనం.

కొత్త ప్రేక్షకుడు

ఆ చివరి రోజుల్లో ఆఫీసులో నిజంగా ఏమి జరుగుతుంది? అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారా?

క్వీన్స్ కామేశం

ఫోన్లు ఒక భాగం. స్కౌట్లు ఊళ్లు తిరిగి అవతలి జట్ల మైనర్ లీగ్ కుర్రాళ్ల మీద నివేదికలు ఇస్తారు. గణాంకాలవాళ్లు వేరే గదిలో ఉంటారు. యజమాని ఎంత ఖర్చుకు ఒప్పుకుంటాడో ముందే తేలాలి. అన్నీ కుదిరాక వైద్య పత్రాలు చేతులు మారతాయి. బేరాలు చచ్చేది ఎక్కువగా అక్కడే.

2015 జులై 29 రాత్రి. మిల్వాకీ నుంచి మా మెట్స్‌కు కార్లోస్ గోమెజ్ వస్తున్నాడని, బదులుగా విల్మర్ ఫ్లోరెస్, జాక్ వీలర్ వెళ్తున్నారని వార్త పాకింది. మ్యాచ్ ఇంకా జరుగుతోంది. స్టేడియంలో జనానికి ఫోన్లలో తెలిసిపోయింది, ఫ్లోరెస్‌కు లేచి నిలబడి వీడ్కోలు చప్పట్లు కొట్టారు. పదహారేళ్ల వయసు నుంచి ఈ క్లబ్బే ఇల్లుగా బతికినవాడు, మైదానంలోనే కన్నీళ్లు తుడుచుకున్నాడు. తీరా గోమెజ్ తుంటి పత్రాలు చూసి మా వాళ్లు బేరం వదిలేశారు. ఫ్లోరెస్ ఎక్కడికీ వెళ్లలేదు. 31న గడువుకు కొద్ది నిమిషాల ముందు డెట్రాయిట్ నుంచి యోయెనిస్ సెస్పెడెస్‌ను తెచ్చారు. ఆ రాత్రే ఫ్లోరెస్ పన్నెండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి మ్యాచ్ గెలిపించి, చొక్కా మీద జట్టు పేరు పట్టుకుని చూపించాడు. మెట్స్ అభిమానికి సంతోషం ఉండదని ఎవరన్నారు?

సెస్పెడెస్ 57 మ్యాచ్‌లలో 17 హోమ్ రన్లు కొట్టాడు, వరల్డ్ సిరీస్ దాకా వెళ్లాం. జనం మరిచిపోయేది ఏమిటంటే, దానికి వారం ముందు అట్లాంటా నుంచి హువాన్ ఉరిబే, కెల్లీ జాన్సన్‌లను తెచ్చారు, మైకేల్ కన్‌ఫోర్టోను మైనర్ లీగ్ నుంచి పైకి పిలిచారు. అంతకు ముందు రోజే డాడ్జర్స్ పిచర్ కెర్షాకు ఎదురుగా మా నాలుగు, ఐదో స్థానాల బ్యాటర్లిద్దరి సగటూ 0.180 లోపు! ఆ చిల్లు ముందు పూడ్చారు, సెస్పెడెస్ తర్వాత.

లెక్కల మాస్టారు

వైద్య పత్రాల మాట వచ్చింది కాబట్టి. 2016లో శాన్‌డియాగో అధిపతి ఎ.జె. ప్రెల్లర్‌ను లీగ్ జీతం లేకుండా 30 రోజులు పక్కన పెట్టింది. డ్రూ పోమరన్జ్‌ను బోస్టన్‌కు పంపినప్పుడు పూర్తి వైద్య సమాచారం ఇవ్వలేదన్నది కారణం. అదే వేసవిలో వాళ్లు మయామీకి పంపిన కాలిన్ రేయా మొదటి మ్యాచ్‌లోనే మోచెయ్యి పట్టుకుని దిగిపోతే, మయామీ అతన్ని వెనక్కి పంపింది. ఈ రంగంలో పరపతి కూడా పెట్టుబడే, ఏటా అదే ఇరవై తొమ్మిది మందితో బేరమాడాలి కదా.

ఫ్రిస్కో పద్మ

మాస్టారూ, మీ చిల్లుల సిద్ధాంతం ఒప్పుకుంటాను గానీ మీరు చిల్లర బేరాలకు మరీ ఎక్కువ మార్కులు వేస్తున్నారు. చిన్న కుర్రాళ్లనుకుని ఇచ్చేవాళ్లలో ఒకడు పెద్దవాడవుతాడు. 2023 జూన్ చివర మావాళ్లు అరోల్డిస్ చాప్‌మన్ అనే పిచర్ కోసం కాన్సాస్ సిటీకి కోల్ రేగన్స్‌ను ఇచ్చారు. మరుసటి ఏడాదే అతను ఆల్‌స్టార్. 1987లో డెట్రాయిట్ డోయల్ అలెగ్జాండర్ కోసం అట్లాంటాకు ఇచ్చింది జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవయ్యేళ్ల మిషిగన్ కుర్రాడిని.

ఓరుగల్లు కోట

అది చరిత్రలోకెల్లా చెత్త బేరం అంటారు కదా?

లెక్కల మాస్టారు

అంటారు. నేను అనను. అలెగ్జాండర్ డెట్రాయిట్‌కు వచ్చి 9 గెలిచి ఒక్కటీ ఓడలేదు. డివిజన్‌లో టొరంటోను దాటింది రెండే మ్యాచ్‌ల తేడాతో. ఆయన లేకుంటే ఆ డివిజన్ లేదు. మిన్నెసోటా చేతిలో ఓడడం ఆయన్ను కొన్న బేరం తప్పు కాదు. స్మోల్ట్జ్ 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు (దిగ్గజాల గౌరవ మందిరానికి) వెళ్లాడు, నిజమే. కానీ ఆ ఆగస్టులో అతను మైనర్ లీగ్‌లో తడబడుతున్న పిచర్. ఇరవై ఏళ్ల తర్వాతి పత్రిక చేతిలో పెట్టుకుని ఆ రోజు నిర్ణయాన్ని తిట్టడం సులువు.

ఫ్రిస్కో పద్మ

క్షమించాలి, ఇక్కడ మీతో ఏకీభవించను. కుర్రాడిని గుర్తుపట్టడమే ఆఫీసు పని. అట్లాంటా స్కౌట్లకు కనిపించినది డెట్రాయిట్‌కు ఎందుకు కనిపించలేదు? తన సొంత రాష్ట్రం పిల్లవాడు!

లెక్కల మాస్టారు

ఈ దెబ్బకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కోట గారికి మాత్రం బాకీ ఉన్నాను. ఆయన మాటలో నేను ఒప్పుకునే సగం ఇది: అక్టోబరుకు చేరడం దాకానే ఆఫీసు చేతిలో ఉంది. ఆరు మ్యాచ్‌లలో 14 హిట్లు కొట్టేవాడిని ఎవరూ జులైలో ఎంచి తేలేరు. సెప్టెంబరులో ఐదే ఐదు బంతులు ఎదుర్కొని సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ నాలుగూ పూర్తి చేశాడు రొసారియో. దాన్ని ఏ కంప్యూటర్ చెబుతుంది?

ఓరుగల్లు కోట

ధన్యవాదాలు. ఈ వేదికలో నాకు దక్కిన మొదటి సగం.

మరి 2016 కబ్స్ సంగతి? ఒప్పందం మూడు నెలలే మిగిలిన చాప్‌మన్ కోసం యాంకీస్‌కు గ్లేబర్ టోరెస్‌తో కలిపి నలుగురిని ఇచ్చారు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆ చాప్‌మన్ రాజై డేవిస్‌కు హోమ్ రన్ ఇచ్చి ఆధిక్యం పోగొట్టాడు. శీతాకాలంలో తిరిగి యాంకీస్‌కే వెళ్లిపోయాడు. టోరెస్ అక్కడ 2018, 2019ల్లో ఆల్‌స్టార్. నేనైతే ఆ బేరం చేసేవాడిని కాదు.

క్వీన్స్ కామేశం

చిత్రమేమిటంటే, స్కోరు పుస్తకంలో ఆ మ్యాచ్ గెలిచిన పిచర్ చాప్‌మనే. పదో ఇన్నింగ్స్‌లో చివరి వికెట్, అదే, చివరి ఔట్ తీసింది మాత్రం మైక్ మాంట్‌గోమరీ. అతన్నీ ఆ జులైలోనే సియాటిల్ నుంచి తెచ్చారు, డాన్ వోగెల్‌బాక్‌ను ఇచ్చి. పెద్దగా ఎవరూ పట్టించుకోని బేరం.

ఫ్రిస్కో పద్మ

కోట గారూ, 108 ఏళ్లు టైటిల్ కోసం ఎదురుచూసి ఆ ఏడాది గెలిచిన కబ్స్ ఊరికి వెళ్లి చాప్‌మన్‌ను కొనకుండా ఉండాల్సిందని ఒకసారి చెప్పి రండి. టికెట్టు నేను కొనిపెడతాను. రానూపోనూ మాత్రం కాదు.